పాత కంప్యూటర్లకి వైఫై పెట్టుకున్నా: మూడు డాంగిల్స్, ఒక ఎక్స్‌టెండర్ వాడి చూశాక రాస్తున్న రివ్యూ

మా అమ్మాయి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సిన రోజు పొద్దున్నే మేడమీద కంప్యూటర్‌కి నెట్ పోయింది. ఏంటా అని బయటికెళ్లి చూస్తే కోతులు కేబుల్ పీకేశాయి. మాది కింద రెండు గదులు, హాలు, పైన ఒక గది ఉన్న పాత ఇల్లు. ఫైబర్ కనెక్షన్, రౌటర్ కింద హాల్లో టీవీ వెనక ఉంటాయి, డెస్క్‌టాప్ మేడమీద గదిలో ఉంటుంది, మధ్యలో లాన్ కేబుల్ కిటికీలోంచి బయటికొచ్చి గోడ పట్టుకుని పైకెళ్లి పిట్టగోడ మీదుగా మళ్లీ ఇంకో కిటికీలోంచి లోపలికి వెళ్తుంది. ఎండకి పైతొక్క పెళుసుబారిపోయి ఉందేమో, అవి ఒక్క లాగు లాగేసరికి రెండు చోట్ల తెగింది.

ఆ రోజుకి గండం గట్టెక్కించింది ఫోనే. చాలామందికి తెలియని విషయం కాబట్టి ముందే చెప్తున్నా, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఆన్‌లోనే ఉంచి, ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉండే చోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, ఫోన్ ఇంటి వైఫై పట్టుకుని ఆ నెట్‌ని వైరు ద్వారా కంప్యూటర్‌కి ఇస్తుంది. చాలా ఫోన్లలో ఇది పనిచేస్తుంది, మొబైల్ డేటా కూడా ఖర్చవ్వదు, మొబైల్ డేటా ఆఫ్ చేసి మరీ చూశా. కేబుల్ మాత్రం డేటా కేబుల్ అయ్యుండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ అయితే కంప్యూటర్ అసలు ఫోన్‌నే గుర్తుపట్టదు. మా అమ్మాయి ఆప్షన్లన్నీ అలాగే పెట్టి సేవ్ చేసుకుంది. ఏదో ఒక్కరోజు అవసరానికైతే మీరు రూపాయి కూడా పెట్టక్కర్లేదు, ఇది చేసుకోండి.

కానీ రోజూ ఫోన్ కట్టేసి కూర్చోలేం కదా. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అడిగితే పైపు వేసి కొత్త కేబుల్ లాగడానికి నాలుగున్నర వేలు అన్నాడు, మళ్లీ గోడకి బెజ్జాలు. సరే వైఫై పెట్టుకుందాం, ఎలాగూ ఇంట్లో ఇంకో రెండు పాత మెషిన్లు కూడా నెట్ లేకుండా పడున్నాయి, అన్నిటికీ ఒకేసారి చూద్దాం అనుకున్నా.

ఆ మూడు ఏంటో చెప్తా, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో రకం మందు వేయాల్సి వచ్చింది. మేడమీదది 2011లో కొన్న ఐ3-2100 డెస్క్‌టాప్, హెచ్61 బోర్డు. రెండోది నాన్నగారు వాడే 2010 నాటి ల్యాప్‌టాప్, దాని లోపలి వైఫై కార్డు చచ్చిపోయి చాలా కాలమైంది. మూడోది వీధి వైపు గదిలో మా తమ్ముడి డీటీపీ మెషిన్, కోర్ 2 డుయో, విండోస్ ఎక్స్‌పీ, అందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. శుభలేఖలు, దినం కార్డులు, కరపత్రాలు, వాడి జీవనోపాధి మొత్తం ఆ డబ్బాలోనే ఉంది. పదిహేనేళ్ల నుంచి చేసిన ఫైళ్లన్నీ అందులోనే సరిగ్గా ఓపెన్ అవుతాయి, దాన్ని కదిలిస్తే వాడు ఊరుకోడు, నేను కూడా కదిలించను.

మొదట చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకుండా ఉంటారని. బజార్లో ఒక షాపులో అడిగితే, యూఎస్‌బీ పోర్టులో పెడితే కంప్యూటర్‌కి వైఫై పట్టిచ్చే గోరంత డాంగిల్ ఒకటి ఇచ్చి "ఇదే తీస్కోండి సార్, అందరూ ఇదే తీస్కెళ్తున్నారు, 900 ఎంబీపీఎస్" అన్నాడు. 250 రూపాయలు. కవర్ మీద కంపెనీ పేరు లేదు, అడ్రస్ లేదు. ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని చూస్తే డాంగిల్ మీద 802.11ఎన్ అని ఉండాల్సిన చోట పదకొండు బదులు ఇంగ్లీషు పెద్ద ఐ అక్షరాలు రెండు అచ్చేసి ఉన్నాయి. తన వైఫై స్టాండర్డ్ పేరే సరిగ్గా అచ్చేసుకోలేని వస్తువు అది. దాంతో పాటు అరచేతిలో పట్టేంత చిన్న సీడీ ఒకటి ఇచ్చారు, మా డీవీడీ డ్రైవ్ అది తిప్పడానికి నానా అవస్థా పడింది.

డ్రైవర్, అంటే డాంగిల్ పనిచేయడానికి కంప్యూటర్‌లో ఉండాల్సిన సాఫ్ట్‌వేర్, ఎలాగో ఎక్కించాక డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి దాని అసలు రంగు చూశా. ఇది నేర్చుకోండి, చాలా ఉపయోగం. డాంగిల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అక్కడ హార్డ్‌వేర్ ఐడీస్ అని ఎంచుకుంటే వీఐడీ, పీఐడీ అని రెండు నంబర్లు కనిపిస్తాయి, ఆ వస్తువు లోపల ఏ చిప్పు ఉందో వాటితో తెలిసిపోతుంది, పైన స్టిక్కర్ ఏదైనా అంటించుకోవచ్చు గానీ ఇది దాగదు. నా దాంట్లో 148ఎఫ్, 7601 అని వచ్చింది. అది మీడియాటెక్ ఎంటీ7601 చిప్పు, ఇళ్లలో వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో 2.4 మాత్రమే పట్టుకునేది, ఎంత బాగా పనిచేసినా కాగితం మీద 150 ఎంబీపీఎస్ దాటదు. 900 అనేది పచ్చి అబద్ధం. చిప్పు మరీ చెత్తదని అనను, ఆ చిప్పు చుట్టూ కట్టిన డబ్బా చెత్తది. ఇరవై నిమిషాలకి కాలిపోయేంత వేడెక్కి కనెక్షన్ తెగిపోయేది, తీసి మళ్లీ పెడితే వచ్చేది. రెండు రోజులు చూసి పక్కన పడేశా. 250 కదా పోతే పోయిందిలే అనుకోవచ్చు, కానీ ఆ 250కి ఇంకో రెండొందలు కలిపితే మంచిది వస్తుంది, అదీ నా బాధ.

తర్వాత ఆన్‌లైన్‌లో టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్725ఎన్ తెప్పించా, నాకు 480 పడింది. చాలా ఏళ్ల నుంచి అమ్ముతున్న మోడల్ ఇది. ఇది కూడా 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, ఇది కూడా 150 ఎంబీపీఎస్సే, కానీ వీళ్లు డబ్బా మీద ఆ 150 అనే రాశారు. సైజు మన బొటనవేలి గోరంత, పోర్టులో పెడితే బయటికి కొంచెమే కనిపిస్తుంది. కంపెనీ సైట్‌లో డ్రైవర్ దొరుకుతుంది, డ్రైవర్ వెతికేటప్పుడు డాంగిల్ మీద వీ1, వీ2, వీ3 అని వెర్షన్ రాసి ఉంటుంది, అది చూసి మరీ దించుకోండి, ఒకే మోడల్ పేరుతో లోపల చిప్పులు మారిపోతూ ఉంటాయి. ఇదే కంపెనీ 722ఎన్ అని ఒకటుంది, దాని వీ1లో ఏథరాస్ చిప్పు ఉండేది, వీ2 నుంచి రియల్‌టెక్ చేశారు, పేరు మాత్రం అదే. పాత రివ్యూలు చదివి ఆహా ఓహో అని కొంటే వచ్చేది వేరే వస్తువు.

ఇంకోటి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి, డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు ఉంటుంది ఈ యవ్వారం. పైన చెప్పిన ఫోన్ టెథరింగే ఇక్కడ కూడా దారి. లేదంటే ఫోన్‌లోనే డ్రైవర్ దించుకుని కేబుల్‌తో కాపీ చేసుకోండి.

సరే, 725ఎన్‌ని మేడమీద డెస్క్‌టాప్ వెనక పోర్టులో పెట్టా, కనెక్ట్ అయ్యింది, స్పీడ్ టెస్ట్ పెట్టా. 5 ఎంబీపీఎస్. మా ప్లాన్ 100. కేబుల్ ఉన్నప్పుడు 94 దాకా వచ్చేది. గుండె జారిపోయింది, ఇదీ అంతేనా అని. మళ్లీ పెట్టా, 6. డబ్బులు దండగ అయ్యాయి, వాపస్ పంపించేద్దాం అని డబ్బా కూడా సర్దేశా.

అప్పుడు ఆలోచిస్తే తట్టింది. సీపీయూ క్యాబినెట్ అంటే ఇనుప డబ్బా. అది టేబుల్ కింద మూలకి, గోడకి ఆనించి ఉంది. ఈ గోరంత డాంగిల్ ఆ ఇనుప డబ్బాకి వెనక, నేలకి జానెడు ఎత్తులో, గోడకి ఆనుకుని ఉంది. రౌటర్ వైపు నుంచి వచ్చే సిగ్నల్ స్లాబ్ దాటి, పక్కనున్న బీరువా దాటి, క్యాబినెట్ దాటి దీన్ని చేరాలి. దాని లోపల యాంటెన్నా ఎంత ఉంటుందండీ, చింతగింజంత కూడా ఉండదు. అందుకని ఒక మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్, ఒక వైపు మగ పిన్ను ఇంకో వైపు ఆడ పిన్ను ఉండేది, 120 పెట్టి తెచ్చా. డాంగిల్‌ని దాని చివర పెట్టి పైకి తీసుకొచ్చి, మెట్ల వైపు ఉన్న కిటికీ చట్రానికి టేపుతో అంటించా. స్పీడ్ టెస్ట్ నొక్కితే 34! అదే డాంగిల్, అదే కంప్యూటర్, అదే రౌటర్. నేను మా ఆవిడని పిలిచి మరీ చూపించా.

అందుకే నా రివ్యూలో ఫుల్ మార్కులు పడేది ఏ డాంగిల్‌కీ కాదు, ఆ 120 రూపాయల ఎక్స్‌టెన్షన్ వైరుకే. డెస్క్‌టాప్‌కి డాంగిల్ కొంటున్నవాళ్లు ఎవరైనా సరే దాంతోపాటే ఈ వైరు కూడా కొనండి, నేను బతిమాలి చెప్తున్నా. చాలామంది ఒక స్టార్ ఇచ్చి సిగ్నల్ రావట్లేదు చెత్త ప్రొడక్ట్ అని రాస్తుంటారు, వాళ్లలో సగం మంది దాన్ని క్యాబినెట్ వెనకే గుచ్చి ఉంటారని నా నమ్మకం. వైరు మరీ పొడుగుది తీసుకోవద్దు, చవక వైర్లు మూడు మీటర్లు దాటితే పవర్ సరిగ్గా అందక డాంగిల్ మధ్యమధ్యలో మాయమైపోతుంది.

పోర్టు సంగతి కూడా ఒకటుంది. మా బోర్డు మీద నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులు రెండున్నాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని నీలం పోర్టులో పెట్టి ఏదన్నా కాపీ చేస్తున్నంతసేపూ, పక్క పోర్టులో ఉన్న డాంగిల్ స్పీడు దారుణంగా పడిపోయేది. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు పుట్టే రొద సరిగ్గా ఈ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా వ్యాపిస్తుంది, అదీ కారణం. వైరుతో దూరంగా జరిపాక ఆ బాధ కూడా పోయింది. 725ఎన్ లాంటివి యూఎస్‌బీ 2.0 వస్తువులే, వాటికి నీలం పోర్టు ఇచ్చినా అదనంగా ఒరిగేదేం లేదు, నల్లపోర్టు చాలు.

34 వస్తుంటే చాలదా అంటే క్లాసులు వినడానికి, వీడియోలు చూడడానికి చాలు. కానీ సాయంత్రం ఏడు దాటితే అది 12కీ 15కీ పడిపోయేది. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే మా వీధిలో పద్దెనిమిది నెట్‌వర్కులు, అందులో సగం పైగా ఆరో ఛానెల్ మీదే కూర్చున్నాయి. 2.4లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. మాది 11కి మార్చా, కాస్త మెరుగైంది, అయినా సందు ఇరుకైతే అందరూ రాసుకునే పోవాలి కదా. అందుకే మేడమీద దానికి 5 గిగాహెర్ట్జ్ పట్టుకునేది కొనాలని నిర్ణయించుకున్నా.

అలా వచ్చింది ఆర్చర్ టీ2యూ ప్లస్, నేను 1,100కి తీసుకున్నా. దీనికి జానెడు లోపు పొడుగున్న యాంటెన్నా ఉంటుంది, మడిచి తిప్పుకోవచ్చు. 5 గిగాహెర్ట్జ్ మీద 433, 2.4 మీద 200, రెండూ కలిపి ఏసీ600 అని రాస్తారు. ఈ కలిపి రాసే పద్ధతి నాకు నచ్చదు. ఒక సమయంలో ఏదో ఒక బ్యాండ్ మీదే పనిచేస్తుంది కాబట్టి 600 ఎప్పుడూ రాదు, అన్ని కంపెనీలూ ఇలాగే రాస్తాయి, మీరు మాత్రం 433 అనే లెక్కేసుకోండి, అందులో కూడా చేతికొచ్చేది సగం అనుకోండి. ఆ సగమే మన 100 ప్లాన్‌కి రెండింతలు, ఇంక గొడవేముంది.

యాంటెన్నా లేని టీ2యూ నానో ఇంకో రెండొందలు తక్కువకే వస్తుంది, లోపలి సరుకు దాదాపు అదే. రౌటర్ ఉన్న గదిలోనే కంప్యూటర్ ఉంటే నానోనే తీసుకోండి. మాకు మధ్యలో స్లాబ్ ఉంది, 5 గిగాహెర్ట్జ్‌కి గోడలంటే పడదు, 2.4 దూరిపోయినంత తేలిగ్గా దూరదు. అందుకే యాంటెన్నా ఉన్నది తీసుకున్నా.

దాంతో కూడా మొదట 40 వచ్చింది. ఇక డాంగిల్‌ని వదిలేసి రౌటర్ వైపు చూశా. కనెక్షన్ ఇచ్చినప్పుడు వచ్చినతను టీవీ వెనక, సెట్‌టాప్ బాక్స్ పక్కన, స్టాండు అరలో పెట్టి వెళ్లిపోయాడు, మేం ఏళ్ల తరబడి అలాగే ఉంచాం. దాన్ని తీసి మెట్ల మొదట్లో గోడకి, మనిషి ఎత్తులో బిగించా. ఫైబర్ వైరు నాలుగు అడుగులు మిగులు ఉంది కాబట్టి సరిపోయింది, దాన్ని మాత్రం కరెంటు వైరులా మూలల దగ్గర మడిచెయ్యొద్దు, లోపల గాజు పోగు ఉంటుంది, గుండ్రంగా వదులుగా తిప్పాలి. మెట్ల దారి ఖాళీ కాబట్టి సిగ్నల్ స్లాబ్‌తో పోట్లాడకుండా మెట్లెక్కి పైకొచ్చేసినట్టుంది. ఇప్పుడు టీ2యూ ప్లస్‌లో 85కీ 90కీ మధ్య వస్తోంది, సాయంత్రం కూడా. కేబుల్‌లో 94 వచ్చేదని చెప్పా కదా, ఇంకేం కావాలి. రౌటర్ జరపడానికి నాకైన ఖర్చు రెండు మేకులు.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది, ఐ3-2100 మీద విండోస్ 11 వాళ్ల లెక్క ప్రకారం ఎక్కదు. అందుకని మా అమ్మాయి కాలేజీకి వెళ్లేలోపు పక్కనే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేశా. ఇక్కడ లినక్స్ వాళ్లకి ఒక ముక్క. 725ఎన్ పెట్టగానే దానంతట అదే పనిచేసింది, డ్రైవర్ అన్న మాటే లేదు. టీ2యూ ప్లస్‌లో ఉన్న రియల్‌టెక్ చిప్పుకి మాత్రం పాత కెర్నల్స్‌లో (కెర్నల్ అంటే లినక్స్ లోపలి గుండెకాయ) బయట నుంచి డ్రైవర్ తెచ్చి కంపైల్ చేసుకోవాలి, కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా అది విరిగేది. 6.14 కెర్నల్ నుంచి దాని డ్రైవర్ లోపలే వచ్చేసింది, మింట్ 22.2లో ఆ కెర్నలే ఉంది, నేను అది వేశాక పెట్టగానే పట్టుకుంది. పాత మింట్ మీద ఉన్నవాళ్లు ముందు అది చూసుకుని కొనండి.

ఖాళీ అయిన 725ఎన్‌ని నాన్నగారి ల్యాప్‌టాప్‌కి పెట్టేశా. అసలు అది పుట్టిందే ల్యాప్‌టాప్‌ల కోసం అనిపిస్తుంది, ఒకసారి పెట్టి మర్చిపోవచ్చు, బ్యాగులో పెట్టినా తగిలి విరిగేంత బయటికి రాదు. నాన్నగారు చూసేది ప్రవచనాలు, వార్తలు, ఆదివారం మా అక్కతో వీడియో కాల్, అంతే. 25 వచ్చినా ఆయనకి ఎక్కువే. రెండు కంప్లయింట్లు వచ్చాయి ఆయన దగ్గర నుంచి. ఒకటి, కాసేపు వాడకుండా వదిలేసి వచ్చి చూస్తే నెట్ ఉండట్లేదని. అది విండోస్ చేసే పని, కరెంటు ఆదా కోసం డాంగిల్‌ని పడుకోబెట్టేస్తుంది, మళ్లీ లేపడం దానికి రాదు. డివైస్ మేనేజర్‌లో ఆ డాంగిల్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, అందులో ఉన్న టిక్కు తీసేస్తే సరి, ఆ తర్వాత మళ్లీ అనలేదు.

రెండోది కనిపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. "ఒరే, పొద్దున్న ఎనిమిదింటికి ఎప్పుడూ ఆగిపోతుందిరా, మిగతా టైంలో బానే ఉంటుంది" అన్నారు. ఒకరోజు పక్కనే కూర్చుని చూశా. సరిగ్గా మా ఆవిడ వంటింట్లో మైక్రోవేవ్‌లో పాలు పెట్టిన క్షణం ప్రవచనం ఆగింది, గంట కొట్టగానే మళ్లీ మొదలైంది. ఆయన కూర్చునే కుర్చీకి గోడ అవతలే ఆ ఓవెన్. అది పనిచేసేది కూడా 2.4 దగ్గరే, 2.45 గిగాహెర్ట్జ్. కుర్చీ కిటికీ వైపుకి మార్చాం. పాలు, ప్రవచనం రెండూ ఇప్పుడు ఒకేసారి నడుస్తున్నాయి.

ల్యాప్‌టాప్ వాళ్లకి లోపలి కార్డే మార్చుకునే దారి కూడా ఉంది, వెనక మూత తీస్తే చిన్న కార్డు, రెండు సన్నటి యాంటెన్నా వైర్లు ఉంటాయి. కానీ కొన్ని పాత లెనోవో, హెచ్‌పీ మోడళ్లలో బయాస్, అంటే ఆన్ చెయ్యగానే ముందు నడిచే లోపలి ప్రోగ్రామ్, తనకి తెలిసిన కార్డులు తప్ప వేరేవి ఒప్పుకోదు, కొన్నాక తెలిసి బాధపడేకంటే ముందే మీ మోడల్ గురించి వెతుక్కోండి. డెస్క్‌టాప్‌కి లోపల పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు కూడా బాగుంటాయంటారు, నేను వాడలేదు కాబట్టి మార్కులు వెయ్యను. వాటి యాంటెన్నాలు క్యాబినెట్ వెనకే ఉంటాయి కాబట్టి ఇనుప డబ్బా గొడవ అక్కడా ఉంటుంది, వైరుతో పైకి తెచ్చి పెట్టుకునే యాంటెన్నా ఉన్న రకం అయితేనే ఆలోచించండి.

ఇంక మా తమ్ముడి మెషిన్. 725ఎన్‌ ఎక్స్‌పీకి కూడా పనికొస్తుందని రాసి ఉంది. కానీ వాడు ఆ మెషిన్‌లో కొత్త డ్రైవర్ ఏదీ ఎక్కించనివ్వనన్నాడు, "అన్నయ్యా, పెళ్లిళ్ల సీజన్, బ్లూ స్క్రీన్ వస్తే నా బతుకు బస్టాండే" అన్నాడు, వాడన్నదాంట్లో న్యాయం ఉంది. అలాంటి మెషిన్లకి పనికొచ్చేది వైఫై ఎక్స్‌టెండర్, దానికి లాన్ పోర్టు ఉన్నది చూసి కొనాలి. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఏ850ఆర్ఈ తీసుకున్నా, 1,350. గోడకి ప్లగ్‌లో పెట్టేస్తే ఇంటి వైఫై పట్టుకుంటుంది, దాని కింద ఉన్న పోర్టు నుంచి మామూలు లాన్ కేబుల్ కంప్యూటర్‌కి పెడితే, కంప్యూటర్‌కి వైఫై అన్న సంగతే తెలియదు, మామూలు కేబుల్ వచ్చిందనుకుంటుంది. డ్రైవర్ లేదు, సీడీ లేదు, యూఎస్‌బీ లేదు. ఎక్స్‌పీ అయినా, ఇంకా పాతదైనా, లాన్ పోర్టు పనిచేస్తే చాలు. ముందువైపు గుండ్రంగా ఐదు లైట్లు ఉంటాయి, ఎన్ని వెలిగితే అంత సిగ్నల్, గదిలో మూడు ప్లగ్ పాయింట్లలో మార్చి మార్చి చూసి నాలుగు లైట్లు వెలిగిన చోట ఉంచేశాం. పైగా వీధి గదిలో ఫోన్లకి కూడా సిగ్నల్ పెరిగింది, అది కొసరు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆగిపోయింది, దాన్ని నెట్‌లోకి వదలడం అంటే తలుపులు తీసి ఊరెళ్లడమే. అందుకని ఆ మెషిన్‌కి ఐపీ అడ్రస్ ఆటోమేటిక్‌గా తీసుకోనివ్వకుండా చేత్తో ఇచ్చి, డీఫాల్ట్ గేట్‌వే అన్న గడి, డీఎన్ఎస్ గడులు ఖాళీగా వదిలేశా. అప్పుడు ఇంట్లో మిగతా వాటితో మాట్లాడగలదు గానీ బయట ప్రపంచంలోకి వెళ్లే దారి దానికి తెలియదు. మా తమ్ముడికి కావాల్సింది కూడా అంతే, తయారైన పీడీఎఫ్ ఫోన్‌లోకి రావాలి, అక్కడ నుంచి వాట్సాప్‌లో ప్రెస్‌కి వెళ్లాలి. ఫోన్‌లో ఫైల్ మేనేజర్‌లో ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపుకునే పద్ధతి) ఆన్ చేస్తే ఒక అడ్రస్ చూపిస్తుంది, అది ఎక్స్‌పీలో మై కంప్యూటర్ పైన అడ్రస్ గడిలో కొడితే ఫోన్‌లోని ఫోల్డర్లు తెరుచుకుంటాయి, శుభలేఖ ఫైల్ పట్టుకుని అందులో వేసేయడమే. ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్ పట్టుకుని నెట్ సెంటర్‌కి వెళ్లి వైరస్‌లు మోసుకొచ్చేవాడు, ఆ తిప్పలు పోయాయి.

రౌటర్ సెట్టింగ్స్‌లో నేను మార్చినవి కూడా చెప్పేస్తా. మా రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంది, పాత వస్తువులు దానికి కనెక్ట్ అవ్వవు, పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా తప్పు అన్నట్టే తిప్పికొడతాయి, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెడితే అన్నీ వచ్చాయి. టీకేఐపీ అని కనిపిస్తే దాని జోలికి వెళ్లొద్దు, స్పీడు 54 దగ్గరే కట్టేస్తుంది. 2.4కి, 5కి పేర్లు వేరువేరుగా పెట్టుకోండి, ఏ కంప్యూటర్ దేన్ని పట్టుకుందో చూడగానే తెలుస్తుంది. 725ఎన్ లాంటి దానికి 5 పేరు అసలు కనిపించదు, అది పాడైనట్టు కాదు, దానికి ఆ బ్యాండ్ లేదంతే. ఫోన్‌లో కనిపిస్తుంది కంప్యూటర్‌లో రావట్లేదు అని కంగారు పడి వాపస్ చేసేవాళ్లని చూశా.

మొత్తం లెక్క చూస్తే 480, 1,100, 1,350, ఎక్స్‌టెన్షన్ వైరు 120, కలిపి 3,050కి మూడు మెషిన్లు నెట్‌వర్క్‌లోకి వచ్చాయి, మొదటి డాంగిల్‌కి పోయిన 250 వేరు. ఒక్క కంప్యూటరే ఉండి, ప్లాన్ 40, 50 లోపు అయితే 725ఎన్ ప్లస్ వైరు, ఆరొందల్లో అయిపోతుంది, నాలుగు స్టార్లు ఇస్తా. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మాత్రం చుట్టూ వంద వైఫైలు ఉంటాయి కాబట్టి ఇంకో మూడు నాలుగొందలు చూసుకోకుండా 5 గిగాహెర్ట్జ్ ఉన్నదే తీసుకోండి. టీ2యూ ప్లస్‌కి నాలుగున్నర, అర ఎందుకు తగ్గించానంటే యాంటెన్నా కీలు కాస్త వదులు, టేబుల్ కదిలితే వాలిపోతుంది, చిన్న రబ్బరు బ్యాండ్ వేశా. 850ఆర్ఈకి ఐదు.

కోతులు పీకిన ఆ పాత కేబుల్‌ని మొత్తం దించేశా. ఎండ తగలని హాల్లోని ముక్క బాగానే ఉంది, అందులోంచి రెండు మీటర్లు కోసి, ఎలక్ట్రీషియన్ దగ్గర క్రింపర్ అడిగి తెచ్చుకుని, ఆరెంజ్-తెలుపు, ఆరెంజ్, గ్రీన్-తెలుపు, బ్లూ, బ్లూ-తెలుపు, గ్రీన్, బ్రౌన్-తెలుపు, బ్రౌన్ అని పైకి చదువుకుంటూ రెండు కొసలకీ కొత్త కనెక్టర్లు బిగించా. ఎక్స్‌టెండర్‌కీ తమ్ముడి ఎక్స్‌పీకీ మధ్య ఇప్పుడున్నది ఆ ముక్కే.